పంతులుగారి ఇల్లు

విద్యార్థులను ఒక్క రోజు విహారయాత్రకు రాజమహేంద్రవరం తీసుకొనిపోయే ఉపాధ్యాయులు సాధారణంగా రాళ్లబండి సుబ్బారావుగారి పేర వెలసిన ప్రదర్శనశాలను చూపుతారు. అక్కడి శిల్పాలు, నాణెములు రాజుల కాలమును తెలుపుతవి. అది చూచిన పిదప తప్పక చూడవలసినది అదే ఊరిలోని కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. ఇక్కడ రాజుల ఊసు లేదు. ఒక బడిపంతులు, ఆయన ఇల్లాలు కాపురము చేసిన చోటు ఇది.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన ఈ ఊరిలోనే జన్మించినారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించగా, తల్లి పున్నమ్మగారి చేతిలోను, పెదతండ్రిగారి అండలోను పెరిగినారు. 1861లో బాపమ్మతో వివాహమయినది. ఆ బాలికయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారుగా ప్రసిద్ధి కెక్కినది.

చదువు ముగించి కోరంగిలోను, ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా పనిచేసినారు. ధవళేశ్వరమున ఉన్నప్పుడే, 1874లో, బాలికల పాఠశాల నెలకొల్పి, వివేకవర్ధని పత్రికను ఆరంభించినారు. లంచగొండితనమును, వేశ్యాలోలతను, మూఢాచారములను ఆ పత్రికలో నిర్భయముగా ఎండగట్టినారు. తెలుగు నవలలలో తొలితరానికి చెందిన రాజశేఖర చరిత్రమును కూడ ఆయనే రచించినారు.

ఆ దినములలో చిన్ననాడే పెండ్లి చేసేవారు. భర్త మరణిస్తే, ఊహ తెలియని బాలిక సయితం జీవితాంతము వైధవ్యమును అనుభవించవలసినదే. వితంతు వివాహమును 1856 నాటి చట్టము అంగీకరించినది. సంఘము మాత్రము అంగీకరించలేదు. చట్టమునకు, సంఘమునకు నడుమనున్న ఈ అగాధమును దాటుటకు పంతులుగారు పూనుకొన్నారు. శాస్త్రప్రమాణములు చూపి ఉపన్యసించినారు; ప్రతిపక్షుల వాదములను ఖండించినారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసినారు.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి గోగులపాటి శ్రీరాములుగారికి, గౌరమ్మకు ఈ ఇంటిలోనే పెండ్లి జరిగినది. అల్లరి జరుగునేమోనని పోలీసులు కాపలా కాసినారు. విద్యార్థులు గురువుగారికి అండగా నిలిచినారు. ఈ భాగము మన పాఠ్యపుస్తకములు చెప్పినదే. తెల్లవారిన తరువాతి కథను ఈ ఇంటిలో నిలిచి విద్యార్థులకు చెప్పవలెను.

పెండ్లికి వచ్చినవారికి వెలి తప్పలేదు. ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిపోయినవారు కొందరు. వంటవారు రావటం మానినారు. నీరు తెచ్చేవారు మానినారు. పంతులుగారు సభలలో వాదించి గెలువవచ్చును. కాని పొద్దు పొడిచేసరికి ఇంటికి నీరు కావలెను, పొయ్యి మీదికి ఎసరు కావలెను. ఆ భారమును రాజ్యలక్ష్మమ్మగారు వహించినారు. గోదావరికి పోయి తానే బిందెతో నీరు మోసి తెచ్చినారు. పెండ్లివారందరికి తానే వండి వడ్డించినారు. కడుపున సంతానము లేని ఆ ఇల్లాలు ఆశ్రయము కోరి వచ్చిన వితంతు బాలికలను కన్నబిడ్డలవలె సాకి, పుట్టింటి తల్లియై వారికి పెండ్లిండ్లు చేసినారు.

ఒక్క పెండ్లితో ఈ పని ఆగలేదు. పంతులుగారి పూనికతో సుమారు నలుబది వితంతు వివాహములు జరిగినవి. 1890లో ఊరిలో పురమందిరము వెలసినది. తరువాత హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తి యావత్తు దానికి ధారపోసినారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసినారు. పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపట్టణములో, కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట పరమపదించినారు.

ఇప్పుడు ఈ ఇల్లు స్మారకముగా రక్షింపబడుతున్నది. దీనిని చూడవచ్చిన బాలబాలికలు పంతులుగారి గ్రంథముల పేర్లు, తేదీలు వ్రాసికొనుట మంచిదే. ఆ పని ముగిసిన పిదప ఉపాధ్యాయులు వారిని ఇక్కడి నుండి గోదావరి రేవువరకు నడిపించవలెను. నిండుబిందెతో ఆ దారి ఎంత దూరమో తెలిసినవారికి సంఘసంస్కరణము అనే మాటకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు.