హెలికాప్టరు నిర్మాత ఈగర్ సికోర్‌స్కీ

గాలిలో ఒకేచోట నిలువగల హెలికాప్టరును మన పిల్లలందరు నెరుగుదురు. దానిని కర్మాగారములలో వందలకొలది తయారగు వస్తువుగా జేసినవారిలో ముఖ్యుడు ఈగర్ సికోర్‌స్కీ. ఆయన చరిత్రమును విద్యార్థులకొరకు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సికోర్‌స్కీ 1889వ సంవత్సరమున కీవ్ నగరమున జన్మించెను. లియొనార్డో డావిన్సీ ఊహించిన ఎగిరెడు యంత్రములనుగూర్చి తల్లి చెప్పగా విని, బాల్యముననే వానిపై మనసు నిలిపెను. 1909లో పారిసునుండి ఇంజను దెచ్చి హెలికాప్టరు నిర్మింపగా నది లేవలేదు. మరుసటియేడు గట్టినది తన బరువు నెత్తెనుగాని మనుష్యుని మోయజాలదాయెను. నాటి ఇంజనులకు బరువెక్కువ, శక్తి తక్కువ. ఇది గ్రహించి యా పనిని ప్రక్కనుంచి విమానములవైపు మరలెను. 1913లో నాలుగు ఇంజనుల విమానము నెగురవేసెను. మొదటి ప్రపంచయుద్ధమున నాయన విమానములు రష్యా సైన్యమునకు బాంబులు మోసినవి.

విప్లవముతో సర్వమును బోయెను. 1919లో అమెరికా చేరి, న్యూయార్కున తోడి రష్యనులకు గణితము బోధించి పొట్టపోసికొనెను. ఉపాధ్యాయులమగు మాకీ సంగతి మిక్కిలి ప్రియము. 1923లో స్వదేశీయుల సాయముతో నొక కోళ్లదొడ్డిలో విమానముల పని యారంభించెను. సంగీతవిద్వాంసుడు రహ్మానినోవ్ 5,000 డాలర్లిచ్చి యాదుకొనెను. పిదప నా కంపెనీ యొక పెద్దసంస్థలో గలిసి, నీటిపై దిగు విమానములకు పేరొందెను.

1938 నాటికి వానిని కొనువారు తగ్గిరి. యజమానులు ఆ పనిని నిలుపదలచగా, సికోర్‌స్కీ తన పనివారిని చెదరనీయక, ముప్పదియేండ్లనాడు విడిచిన హెలికాప్టరును మరల జేపట్ట ననుమతి వేడెను. 1939 సెప్టెంబరు 14వ తేదీన వీఎస్-300 యను యంత్రము ఆయన నెక్కించుకొని నేలనుండి లేచెను. 1942లో నమెరికా సైన్యము ఆర్-4 యను హెలికాప్టరును గైకొనెను. అట్టివి 131 తయారయ్యెను. 1944లో బర్మా అడవులనుండి నలుగురిని రక్షించినది ఇదియే. మూతపడవలసిన కర్మాగారమిట్లు సైన్యపు కొనుగోలుచే నిలిచెను.

ఎత్తిన చేయియే దింపుటయు గలదు. సికోర్‌స్కీ 1957లో విశ్రాంతి గైకొనెను. అప్పటికే సైన్యము, పిస్టను ఇంజనులను విడిచి, తేలికయు బలమును గల టర్బైను ఇంజనులను గోరుచుండెను. బెల్ కంపెనీవారి హ్యూయీ హెలికాప్టరు ముందంజ వేసెను. సికోర్‌స్కీ 1972లో మరణించెను. 1976లో సైన్యము హ్యూయీకి బదులుగా నాయన పేరిటి కంపెనీ బ్లాక్‌హాక్‌నే యెన్నుకొనెను. 2022లో నా బ్లాక్‌హాక్ స్థానమునకు సైన్యము మరల బెల్‌వారి యంత్రమునే యెన్నెను.

సైన్యము పాతయంత్రమును మార్చినప్పుడెల్ల నొక కర్మాగారమునకు దశాబ్దములపాటు పని దొరకును. మరియొకదానికి లోటు కలుగును. రేకులు, గేర్లు, తీగలు చేసియిచ్చు చిన్నకార్ఖానాల గతియు నంతియే. ఈ గొలుసు మన దేశమునకును వచ్చినది. సికోర్‌స్కీ కంపెనీ ఎస్-92 హెలికాప్టరుల క్యాబినులు హైదరాబాదున టాటావారి కర్మాగారమున తయారైనవి.

కొనువాడొక్కడే యైనచోట పనివాని బ్రతుకు వాని నిర్ణయముపై వ్రేలాడును. అట్టి యాపదలో సికోర్‌స్కీ చేతిపని నేర్చిన మనుష్యులను వదలుకొనలేదు. ఓడిన పనిని మరువలేదు. పిల్లలారా, మీరు నేర్చిన విద్యయు, కూడిన స్నేహితులును మీయొద్ద నున్నచో, మూసిన తలుపు కడ నిలిచియు మరల మొదలిడగలరని మా నమ్మకము.