బ్రౌనుదొర ఛందస్సు నేర్చిన విధము

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతగురువు. బ్రౌనుదొర 1817లో మన శ్రీహరికోటకు దక్షిణముననున్న చెన్నపురికి వచ్చి, 1820లో ఉద్యోగియై కడపకుఁ బోయి తెలుఁగు మాటలాడ నేర్చెను. పద్యములతోడి పరిచయము మాత్రము 1824 తరువాతనే. అందొక చిక్కు గలదు. కవిజనాశ్రయము, అప్పకవీయము మొదలగు మన లక్షణగ్రంథములును పద్యములలోనే యున్నవి. పద్యము తెలియనివాఁడు పద్యలక్షణము నెట్లు చదువఁగలఁడు?

కావున మచిలీపట్నమున తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యము అద్వైతబ్రహ్మశాస్త్రి గార్లకు శిష్యుఁడై, గురులఘువులు మొదలుకొని యతిప్రాసములవఱకు నేర్చుకొనెను. నేర్చినదానిని దాఁచుకొనక, 1827లో ఛందోగ్రంథమొకటి ఇంగ్లీషున వ్రాసి చెన్నపురిలో నచ్చువేయించెను.

వేమన పద్యములను పరిష్కరించువారి కీ విద్య మిక్కిలి యక్కఱ. వ్రాతప్రతులలో వ్రాయసకాండ్ర తప్పులు పెక్కులు. వేమన విశేషముగా వాడిన యాటవెలఁదిలో 1, 3 పాదములకు మూఁడు సూర్యగణములు, రెండింద్రగణములు. 2, 4 పాదములకు ఐదును సూర్యగణములే. నాలవ గణపు మొదటి యక్షరము యతిస్థానము. విద్యార్థులారా, మీకు వచ్చిన పద్యమునుండి యొక యక్షరము తీసి లెక్కించి చూడుఁడు. గణము తప్పుట తెలియును. చెవికిఁ దోఁచని తప్పును వ్రేళ్ల లెక్క పట్టి యిచ్చును.

బ్రౌను పెక్కు ప్రతులను సరిపోల్చి, 1829లో 693 వేమన పద్యములను ఆంగ్లానువాదముతోఁ బ్రకటించెను. 1839 నాఁటి ముద్రణమున నవి 1164 అయ్యెను. తరువాత నిఘంటువులు కూర్చి, స్వదేశమునకు మరలి, లండను విశ్వవిద్యాలయమున తెలుఁగు ఆచార్యుఁడై, 1884 డిసెంబరు 12వ తేదీని మరణించెను.