అలవాటు లేని కాలితో

సీతాఫల్‌మండి పక్కనే ఉన్న ఉస్మానియాలో చదివిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) ముందు స్కూల్ టీచర్. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ, 1950 నుంచి భారత ఫుట్‌బాల్ జట్టుకీ కోచ్.

అలవాటైన కాలు వాడకూడదని షరతు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. మార్కులొచ్చే సబ్జెక్టునే మళ్లీ మళ్లీ చదివించే మనకిది వింతే. కానీ రేపు ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యని పని మీద పడితే బెదరనిది ఇలా అలవాటుపడ్డ పిల్లలే కదా!

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాతో. 0-2తో ఓడాం. తర్వాతి మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ని ఇంటికి పంపలేదు, సెమీఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో మళ్లీ కొరియానే. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టారు. రెండోది కుట్లున్న తలతో ఆడిన జర్నైల్‌ది. 2-1తో స్వర్ణం మనది.

తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం సార్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.