గురజాడ: ఆచారానికి గీటురాయి

ఒక భావం విలువను అది జీవితంలో కలిగించే ఫలితాన్ని బట్టి తేల్చాలని చెప్పే ‘ప్రాగ్మాటిజం’ అనే గ్రంథాన్ని అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1907లో ప్రకటించాడు. అంతకు పదిహేనేళ్ల ముందే, మన భోగాపురానికి పొరుగున ఉన్న విజయనగరంలో, ఆ పేరు ఎరుగకుండానే ఒక అధ్యాపకుడు ఆచారాలను ఈ గీటురాయి మీద గీచి చూశాడు. ఆయనే గురజాడ అప్పారావు.

1862 సెప్టెంబరు 21న రాయవరంలో మేనమామ ఇంట జన్మించిన అప్పారావుగారు విజయనగరం మహారాజా కళాశాలలో చదివి 1886లో పట్టభద్రులైనారు. తత్త్వశాస్త్రం ఆయన ప్రధాన పాఠ్యాంశం. పిమ్మట అచ్చటనే అధ్యాపకులై, ఆనందగజపతి మహారాజుగారి ఆదరానికి పాత్రులైనారు.

మహారాజుగారు విశాఖ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక వేయించారు. అసంపూర్ణమైన ఆ లెక్కకే 1034 వివాహాలు తేలినవి. వధువులలో 99 మంది అయిదేళ్లవారు. ముగ్గురు ఏడాది పసికందులు! శాస్త్రచర్చలు ఎన్ని జరిగినా ఈ అంకెలకు సమాధానం ఏది? చదివే అలవాటు ఇంకా వ్యాపించని జాతికి రంగస్థలమే తగిన సాధనమని తలచి అప్పారావుగారు ‘కన్యాశుల్కం’ రచించారు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమైన ఆ నాటకం 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారి వెలువడింది.

మనిషి స్వభావం కులంతోనో వృత్తితోనో నిర్ణయమై పోతుందా అన్న ప్రశ్న ఆ రెండవ కూర్పులో మరింత పదునెక్కింది. గిరీశం నోట వితంతు వివాహం, స్త్రీవిద్య వంటి ఉత్తమ సిద్ధాంతాలే పలుకుతాయి. అవి అతని స్వార్థానికి పనిముట్లు. మధురవాణి వేశ్య. అయినా లుబ్ధావధాన్లును ఆపద నుండి తప్పించేది, సౌజన్యారావు పంతులు వ్రతం భంగం కాకుండా చివరి క్షణంలో నిలిపేది ఆమెయే. వేశ్యను కన్నెత్తి చూడరాదన్న ఆ సజ్జనుని నియమం, ఎదుట నిలిచిన మనిషి ముందు తడబడుతుంది. గిరీశం మాటలను కంఠస్థం చేసే మన విద్యార్థి మిత్రులు ఈ ఘట్టాన్ని దాటవేయడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది.

అప్పారావుగారు భాషనూ ఇదే విధంగా పరీక్షించారు. జనులకు అర్థంకాని వ్రాత ఎవరికి ఉపకరిస్తుంది? ఆ వాదాన్నే 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రంగా సమర్పించారు. మరుసటి ఏడు, 1915 నవంబరు 30న, ఏబదిమూడేళ్ల వయస్సులో విజయనగరంలో కన్నుమూశారు.