పారిస్‌లో పతకం, చెరలో సాక్ష్యం

పేరుప్రతిష్ఠలున్న విశ్వాసికి లోకం రెండు పరీక్షలు పెడుతుంది. అందరూ చూస్తున్నప్పుడు ఒకటి, ఎవరూ చూడనప్పుడు మరొకటి. ఎరిక్ లిడెల్ ఈ రెంటినీ ఎదుర్కొన్నాడు.

స్కాట్లాండ్ మిషనరీ దంపతుల కుమారుడైన ఎరిక్ 1902లో చైనాలోని తియెన్‌సిన్ నగరంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో చదువుకుంటూనే బ్రిటన్‌లోని మేటి పరుగువీరుల్లో ఒకడయ్యాడు. 1923లో సువార్త సభల్లో నిలబడి తన విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించడం మొదలుపెట్టాడు. అలా నోటితో ఒప్పుకున్నదానికి మరుసటి ఏడాదే పరీక్ష ఎదురైంది.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగులో ఆయన మీద దేశం గొప్ప ఆశలు పెట్టుకుంది. కాని ఆ పందెం తొలి పరుగులు ఆదివారం పడ్డాయి. ఆ సంగతి కొన్ని నెలల ముందే తెలిసిన ఎరిక్, ప్రభువు దినాన తాను పరుగెత్తనని చెప్పేశాడు. ఒత్తిళ్లు, విమర్శలు వచ్చినా చలించలేదు. జూలై 6న తోటి క్రీడాకారులు మైదానంలో ఉంటే ఆయన పారిస్‌లోని స్కాట్లాండ్ చర్చిలో వాక్యం చెప్పాడు. జూలై 11న, తనకు అంతగా అలవాటులేని 400 మీటర్ల పరుగును 47.6 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచాడు.

చాలామంది ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. 1981లో వచ్చి ఆస్కార్ అందుకున్న ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా కూడా ఈ పరుగునే చూపింది. కాని ఎరిక్ అసలు పరుగు ఆ తర్వాతే మొదలైంది. 1925లో ఆయన కీర్తిని వెనక విడిచి మిషనరీగా చైనా వెళ్లి, తియెన్‌సిన్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. యుద్ధమేఘాలు కమ్ముకోవడంతో 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కూతుళ్లను కెనడా పంపి, తాను పరిచర్యలోనే నిలిచిపోయాడు. ఆ తర్వాత పుట్టిన మూడో కూతురిని ఆయన ఎన్నడూ చూడలేదు.

1943లో జపాన్ సైన్యం ఆయన్ను వైషియెన్ నిర్బంధ శిబిరంలో ఉంచింది. తల్లిదండ్రులకు దూరమైన మిషనరీల పిల్లలెందరో అక్కడున్నారు. వారికి సైన్సు పాఠాలు చెప్పి, ఆటలు ఆడించి ‘ఎరిక్ అంకుల్’ అయ్యాడు. ఆదివారం మాత్రం ఆటలకు వచ్చేవాడు కాదు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తాము హాకీ ఆడుకుని, తీర్పు చెప్పే పెద్ద లేక కొట్లాటకు దిగారు. మరుసటి ఆదివారం ఎరిక్ తానే రిఫరీగా మైదానంలో నిలిచాడు!

ఆయన మాట తప్పాడా? లేదు. పారిస్‌లో దేవుని కోసం తన పతకాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. శిబిరంలో పిల్లల కోసం, తనకు పేరు తెచ్చిన నియమాన్నే వదులుకున్నాడు. రెండు చోట్లా తన లాభం చూసుకోలేదు. విశ్రాంతి దినాన రోగులను బాగుచేసిన ప్రభువు మనసు ఆయనకు అర్థమైంది. 1945 ఫిబ్రవరి 21న, 43వ ఏట, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే ఆయన ప్రభువు సన్నిధికి చేరాడు.

ప్రియులారా, లోకం మెచ్చిన మన భక్తి మెల్లగా మనకొక బిరుదుగా మారిపోగలదు. అప్పుడు దాన్ని కాపాడుకోవాలనే తపనలో పక్కనున్నవారి అవసరం కనబడదు. నలుగురిలో మనం పాటించే నియమం దేవుని ప్రేమలోనుంచి పుట్టిందా, మన పేరు మీది ప్రేమలోనుంచి పుట్టిందా? ఎవరూ చూడని చోట, ఏ చప్పట్లూ వినబడని చోట, మన ప్రవర్తనే దానికి జవాబు చెబుతుంది.