పాశ్చర్ తొలి విజయం

లూయీ పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తోళ్లు పదును చేసి జీవించేవాడు. పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టిన మహనీయుడుగా పాశ్చర్ పేరు అందరికీ తెలుసు. ఇరవై అయిదేళ్ల వయస్సులో ఆయన సాధించిన తొలి విజయం సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

చింతపండుకు పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షసారా పీపాలలో పేరుకొనే గారలోనూ ఇది లవణరూపంలో ఉంటుంది. దీని ద్రావణం గుండా ధ్రువిత కాంతిని పంపితే కాంతి తలం కుడివైపుకు తిరుగుతుంది. అవే మూలకాలు, అవే పాళ్లలో ఉన్న రసిమిక్ ఆమ్లం మాత్రం కాంతిని ఏ వైపుకూ తిప్పదు. అయినా ఈ రెండింటి సోడియం అమ్మోనియం లవణాల స్ఫటికాలు ఒకే తీరుగా ఉంటాయని 1844లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మిచర్లిష్ ప్రకటించాడు. ఆకారం ఒకటే అయినప్పుడు గుణం వేరు ఎందుకయింది? ఈ ప్రశ్న పాశ్చర్‌ను వదలలేదు.

1848లో పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ ప్రయోగశాలలో ఆయన ఆ లవణాలను తయారుచేసి, ఒక్కొక్క స్ఫటికాన్నీ తిప్పి తిప్పి చూశాడు. రసిమిక్ లవణంలో కొన్ని స్ఫటికాలకు ఒక చిన్న ముఖం కుడివైపుకు వాలి ఉంది. మరికొన్నింటికి ఎడమవైపుకు వాలి ఉంది. మన రెండు చేతుల వలె అవి ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాలు. పాశ్చర్ వాటిని ఓపికగా ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని కుడికి తిప్పింది, రెండవది ఎడమకు తిప్పింది. రెండింటినీ సమపాళ్లలో కలిపితే దానికీ దీనికీ చెల్లు!

వృద్ధ శాస్త్రజ్ఞుడు బియో ఈ మాటను వెంటనే నమ్మలేదు. కాంతి భ్రమణం విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. ఆయన కాదంటే ఆ యువకుణ్ణి పట్టించుకొనేవారెవరు? తాను పరీక్షించి ఉంచిన ఆమ్లాన్నే ఇచ్చి, తన కళ్లెదుటనే లవణం చేయించాడు. ద్రావణాన్ని తన దగ్గరే ఉంచుకొన్నాడు. స్ఫటికాలు ఏర్పడిన తరువాత పాశ్చర్ వాటిని వేరుచేసి, ఏవి ఎటు తిప్పుతాయో ముందే చెప్పాడు. బియో స్వయంగా ద్రావణం కలిపి, మొదట ఎడమ రకాన్నే పరికరంలో ఉంచి చూశాడు. కాంతి ఎడమకే తిరిగింది! ఆ వృద్ధుడు చలించిపోయి పాశ్చర్ చేయి పట్టుకొన్నాడు.

ఈ విజయానికి పారిస్ చల్లదనం కూడా తోడ్పడిందనాలి. ఈ లవణం సుమారు 27 డిగ్రీల సెల్సియస్‌కు దిగువనే రెండు రకాల స్ఫటికాలుగా వేరుపడుతుంది. అంతకంటే వేడి ఎక్కువైతే కుడి, ఎడమ అణువులు ఒకే స్ఫటికంలో కలిసి కూర్చుంటాయి. ఇక ఏరడానికి ఏమీ ఉండదు. మన ఎండాకాలంలో ఆ గిన్నెను బయట ఉంచితే పాశ్చర్ శ్రమ వృథా అయ్యేదే! ఈ సంగతి 1848లో ఎవరికీ తెలియదు, తరువాతి వారు కనుగొన్నారు. నేటి మందుల తయారీలోనూ కోరిన స్ఫటికరూపం కోసం వేడిని అదుపులో ఉంచుతారు.

అటుపైన పాశ్చర్ దృష్టి సూక్ష్మజీవుల వైపు మళ్లింది. 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి పిచ్చికుక్క కాటుకు చికిత్స మొదలుపెట్టించాడు. బాలుడు బతికాడు. పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న మరణించాడు. తమిళనాడులోని కూనూరులో 1907లో ఏర్పడిన సంస్థ ఆయన పేరుతోనే వెలసింది.