హెండ్రిక్ కెర్న్ : సంస్కృతం నుండి సాగరద్వీప భాషల దాకా

హెండ్రిక్ కెర్న్ పేరు వినగానే సంస్కృత విద్వాంసులకు బృహత్సంహిత, ఆర్యభటీయం స్ఫురిస్తాయి. వరాహమిహిరుని గ్రంథాన్ని 1865లో కలకత్తా నుండి, భటదీపికా వ్యాఖ్యాసహితమైన ఆర్యభటీయాన్ని 1874లో లైడెన్ నుండి పరిష్కరించి వెలువరించిన పండితుడాయన. ఈ పాండిత్యమే ఆయనను ఇండోనేషియా, పసిఫిక్ ద్వీపాల భాషల వైపు నడిపించింది. ఆ రంగంలో ఆయన కృషి మన దేశంలో అంతగా ప్రచారం పొందలేదు.

కెర్న్ 1833 ఏప్రిల్ 6న జావా ద్వీపంలోని పుర్వరెజోలో డచ్చి దంపతులకు జన్మించారు. బాల్యంలోనే కుటుంబంతో హాలెండు చేరుకొని, ఉట్రెక్ట్, లైడెన్ నగరాలలో చదివి 1855లో డాక్టరేటు పొందారు. అనంతరం బెర్లిన్‌లో ఆల్బ్రెక్ట్ వెబర్ వద్ద సంస్కృతం అభ్యసించారు. కొంతకాలం మాస్ట్రిక్ట్‌లో గ్రీకు బోధించి, 1863లో కాశీలోని క్వీన్స్ కళాశాలకు సంస్కృతాచార్యులుగా వచ్చారు. 1865లో లైడెన్ విశ్వవిద్యాలయం తొలిసారిగా సంస్కృత పీఠాన్ని నెలకొల్పి ఆయనను ఆహ్వానించింది. 1903 వరకు ఆయన ఆ పీఠాన్ని అలంకరించారు.

జన్మభూమి జావా ఆయన పరిశోధనలో మళ్ళీ ప్రత్యక్షమైంది. బోర్నియోలోని కూటై ప్రాంతంలో లభించిన మూలవర్మ యూపశాసనాల సంస్కృతపాఠాన్ని ఆయన పరిష్కరించారు. ప్రాచీన జావా రామాయణాన్ని 1900లో ప్రకటించారు. ఆ కావ్యభాషలో తత్సమ పదాలు సమృద్ధిగా ఉన్నా, వ్యాకరణ స్వరూపం మాత్రం దేశీయమే. అరువు వచ్చిన పదాలు భాషల సంపర్కాన్ని తెలుపుతాయే గాని జన్మసంబంధాన్ని నిరూపించవు. ఈ వివేచన కెర్న్ భాషాశాస్త్ర కృషికంతటికీ మూలాధారం.

ఆ కాలంలో న్యూగినీ, ఫిజీ మొదలైన ద్వీపవాసుల భాషలను వారి దేహచ్ఛాయను, ముఖకవళికలను బట్టి వర్గీకరించే ధోరణి బలంగా ఉండేది. నల్లని మేనిఛాయ గలవారి భాషలు మలయభాషకు జ్ఞాతులు కాజాలవని పలువురి విశ్వాసం. కెర్న్ ఈ విశ్వాసాన్ని భాషా సాక్ష్యంతోనే పరీక్షించారు. న్యూగినీ వాయవ్య తీరానికి సమీపాన గల నుంఫోర్ ద్వీపభాష మలయ-పాలినేషియన్ కుటుంబానికే చెందుతుందని 1885లో నిరూపించారు. మలయంలో అయిదుకు లిమ, చేపకు ఇకన్ అనే మాటలుండగా, నుంఫోర్ భాషలో వాటికి సమానంగా రిమ్, ఇన్ అనే రూపాలున్నాయి. 1886లో ఫిజీభాషపై విస్తృత గ్రంథం వెలువరించారు. మలయంలోని బతు (రాయి), బులన్ (చంద్రుడు) ఫిజీలో వతు, వుల. పదాదిని బకారానికి వకారం రావడం, పదాంత నకారం లోపించడం నియతమైన మార్పులు. ఇటువంటి నియమబద్ధత యాదృచ్ఛికం కాదు, అరువు వల్ల కలిగేదీ కాదు.

అయితే న్యూగినీలోని భాషలన్నీ ఈ కుటుంబంలో చేరవు. మెలనేషియన్ భాషలకు భిన్నమైన పాపువన్ భాషలను 1890లలో సిడ్నీ రే వేరుచేసి చూపారు. నేటి లెక్కల ప్రకారం ఆస్ట్రోనేషియన్ భాషలు సుమారు 1200, పాపువన్ భాషలు సుమారు 800. మొదటిది ఒకే కుటుంబం. రెండవది పరస్పర సంబంధం నిరూపితం కాని అనేక కుటుంబాలకు కలిపి పెట్టిన పేరు మాత్రమే. మనుషుల రూపాన్ని ప్రమాణంగా గ్రహిస్తే ఈ విభజన ఎన్నటికీ తేలేది కాదు.

1889లో కెర్న్ మరింత సాహసోపేతమైన ప్రశ్నకు పూనుకున్నారు. చెరకు, కొబ్బరి, అరటి, వెదురు మొదలైనవాటికి దూరద్వీపాలలోనూ సమానపదాలు కనిపిస్తాయి. కనుక ఆ మూలభాష మాట్లాడినవారు అవి పెరిగే ఉష్ణప్రాంత సముద్రతీరాన నివసించి ఉండాలని వాదించి, చంపాదేశ పరిసరాలను వారి ఆదిమనివాసంగా నిర్ణయించారు. ఈ సిద్ధాంతం నిలవలేదు. ఈ కుటుంబపు అత్యంత ప్రాచీన శాఖలు తైవాన్‌లో ఉన్నందున నేడు అధికసంఖ్యాక పండితులు ఆ ద్వీపాన్నే మూలస్థానంగా అంగీకరిస్తున్నారు. కాని పదజాలం నుండి ప్రాచీన జీవనాన్ని పునర్నిర్మించే మార్గం నేటికీ ఆచరణలో ఉంది. ఒట్టో డెంప్‌వోల్ఫ్ 1934-38 మధ్య ప్రకటించిన మూలభాషా పునర్నిర్మాణం కూడా కెర్న్ వంటి పూర్వుల కృషిపైనే నిలిచింది.

కెర్న్ 1917 జులై 4న ఉట్రెక్ట్‌లో పరమపదించారు. ఆయన రచనాసంపుటాల ప్రచురణ 1913లో ఆరంభమై మరణానంతరం కూడా కొనసాగింది. లైడెన్‌లో భారతీయ విద్యాధ్యయన సంస్థకు ఆయన పేరే పెట్టారు. సంస్కృతం ద్వారా అలవడిన శబ్దపరీక్షను సంస్కృతానికి ఏ బంధుత్వమూ లేని భాషలకు సైతం పక్షపాతరహితంగా అన్వయించి, వాటి స్వతంత్ర ప్రతిపత్తిని నిలబెట్టడం ఆయన విద్వత్తులోని విశిష్టత.